517501: మా ఊరి పిన్‌కోడ్ లోపల ఏముంది? ప్రాజెక్టు డైరీ

జూన్ 8, ఆదివారం

రెండు వందల పేజీల రూళ్ళ పుస్తకం కొత్తది తెరిచి, మొదటి పేజీలో ఆరంకెలు పెద్దగా రాశాను: 517501. తిరుపతి పిన్‌కోడ్.

తపాలా సార్టింగులో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేశాను. ఇన్‌లాండ్ కవర్ల మీద, పసుపు అంటిన శుభలేఖల మీద, మనియార్డర్ ఫారాల మీద ఈ సంఖ్యను ఎన్ని లక్షల సార్లు చూశానో చెప్పలేను. కన్ను చదివేది, చెయ్యి గడిలో వేసేది, మనసుకు పని ఉండేది కాదు. మొదటి అంకె 5 అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకల మండలం. మొదటి మూడంకెలు 517 అంటే చిత్తూరు సార్టింగు జిల్లా. మిగిలిన మూడు అంకెలు బట్వాడా చేసే తపాలా కార్యాలయానివి. శ్రీరాం భికాజీ వేలంకర్ రూపొందించిన ఈ పద్ధతి 1972 ఆగస్టు 15న మొదలైంది. ఉత్తరం ఎక్కడికి పోవాలో ఆ సంఖ్య చెబుతుంది. ఆ సంఖ్య తనంతట తాను ఎలాంటిదో నేను ఒక్కసారి కూడా అడగలేదు.

ఇప్పుడు అడగడానికి కారణం మా మనవడు. పదో తరగతికి వచ్చాడు, బడి తెరవడానికి ఇంకా నాలుగు రోజులుంది. ప్రతి సంయుక్త సంఖ్యనూ ప్రధాన సంఖ్యల లబ్ధంగా ఒకే ఒక్క విధంగా రాయవచ్చు అన్న వాక్యాన్ని పైకి చదువుతూ ఉన్నట్టుండి ఆగాడు. "అమ్మమ్మా, మన పిన్‌కోడ్‌ను విడగొట్టి చూద్దామా?" అన్నాడు. ఫోను ముట్టకూడదని ఒప్పందం చేసుకున్నాం. పెన్ను, పుస్తకం, సరిచూసుకోవడానికి మాత్రం ఇంట్లో ఉన్న ఎనిమిదంకెల పాత కాలిక్యులేటర్.

చివరి అంకె 1 కాబట్టి 2, 5 పోయాయి. అంకెల మొత్తం 19 కాబట్టి 3 పోయింది. 7తో భాగిస్తే శేషం 5, 11తో 6, 13తో 10, 17తో 4, 19తో 17. ఆ తరువాత 23. అక్కడ ఇద్దరం ఒకేసారి పుస్తకం మీదికి వంగాం. భాగఫలం సరిగ్గా 22500, శేషం 1. 22500 అంటే 150 వర్గం! అంటే మా ఊరి సంఖ్య, ఇరవై మూడు సార్లు 150 వర్గం వేసుకుని, దానికి ఒకటి కలిపితే వచ్చేది.

517501 = 23 × 150² + 1

ఏ ఉద్దేశమూ లేకుండా వేసిన ఒక తపాలా అంకెలో ఇంత పొందికైన రూపం దాగి ఉండడం చూసి ఆ పూట వంట ఆలస్యమైంది.

జూన్ 11, బుధవారం

ఎంత దూరం భాగించాలో ముందే తేల్చుకున్నాం. 719 వర్గం 516961, 720 వర్గం 518400. మన సంఖ్య ఆ రెండింటి మధ్య ఉంది. దానికి కారణాంకాలు ఉంటే వాటిలో ఒకటైనా 719కి మించదు. 719 వరకు ప్రధాన సంఖ్యలు 128. గోడ కేలండర్ వెనుక ఖాళీ వైపున ఎరటోస్తనీస్ జల్లెడ వేశాం. 2 గుణిజాలు, 3 గుణిజాలు కొట్టుకుంటూ పోతే మిగిలినవే ప్రధాన సంఖ్యలు. జల్లెడ అన్న పేరు ఎంత సరైనదో చేతులతో వేస్తేనే తెలుస్తుంది. బియ్యంలో రాళ్ళు ఏరినట్టే ఉంది.

పుస్తకంలో నాలుగు గడులు గీశాను: భాజకం, భాగఫలం, శేషం, సరిచూసినవారి పొడి సంతకం. సార్టింగులో సంచి అప్పగించేటప్పుడు ఇద్దరు సంతకం పెట్టే అలవాటు నాకు పోలేదు. ఈ పనిలో అది ఎంతో అవసరమని రెండు రోజుల్లోనే తెలిసింది.

311 దగ్గర ఒక ముచ్చట. 311 × 1664 = 517504. మన సంఖ్యకు మూడు ఎక్కువ. నేను ఆ లబ్ధాన్ని చూసి కదలకుండా కూర్చున్నాను. 517504 తిరుమల పిన్‌కోడ్! 311 కొండ మీది సంఖ్యను నిశ్శేషంగా భాగించి, కొండ కింది సంఖ్యకు మూడు తేడాతో తప్పిపోయింది. 1664 మళ్ళీ 128 × 13. కాబట్టి తిరుమల సంఖ్య 2ను ఏడు సార్లు, 13ను ఒకసారి, 311ను ఒకసారి గుణిస్తే వస్తుంది. అడగకుండానే దొరికిన సంగతి కాబట్టి మార్జిన్‌లో ఎర్ర సిరాతో రాసిపెట్టాను.

రాత్రి పదికి 353 దగ్గర శేషం సున్నా వచ్చింది. 353 × 1466 = 517501 అని మనవడు రాశాడు, నేను సంతకం కూడా పెట్టాను. సంయుక్త సంఖ్య అని తేలిందనుకుని దీపం ఆర్పేశాం.

జూన్ 12, గురువారం

తెల్లవారుజామున మెలకువ వచ్చి మళ్ళీ పుస్తకం తీశాను. మా నాన్న నేర్పిన తొమ్మిదుల పరీక్ష పెట్టాను. 1466 అంకెల మొత్తం 17, మళ్ళీ కూడితే 8. 353కు 11, మళ్ళీ 2. ఎనిమిది రెళ్ళు పదహారు, కూడితే 7. కానీ 517501కు అంకెల మొత్తం 19, కూడితే 10, మళ్ళీ 1. ఏడు ఎక్కడ, ఒకటి ఎక్కడ! ఆ గుణకారం తప్పు. తిరిగి చేస్తే 353 × 1466 = 517498. శేషం 3. నిన్న రాత్రి ఒక చేతి అంకె కలపడంలో పొరపాటు జరిగింది, దానిపై నా సంతకమూ పడింది.

ఆ పరీక్ష తప్పును పట్టిస్తుంది కానీ ఒప్పును రుజువు చేయదు. అంకెలు తారుమారైనా మొత్తం మారదు కదా. అందుకే ఇక నుంచి 9తో పాటు 11 పరీక్ష కూడా పెట్టాలని నిశ్చయించాం. మనవడు బడికి వెళ్ళే ముందు 353 గడి కొట్టివేసి, కింద కొత్త గడి రాసి, తేదీ వేశాడు. కొట్టివేతను చెరపనివ్వలేదు. తపాలా పుస్తకాల్లో తప్పు పడితే ఒక గీత గీసి, పక్కన సరైనది రాసి సంతకం పెడతాం. ఇక్కడా అదే పద్ధతి.

జూన్ 15, ఆదివారం

353 వరకు 71 ప్రధాన సంఖ్యలు అయ్యాయి, ఇంకా 57 మిగిలాయి. మా వీధి చివరి ఇంట్లో ఉండే విశ్రాంత గణితాధ్యాపకుడి దగ్గరికి పుస్తకం పట్టుకుపోయాను. మేము ఆయన్ను మాస్టారు అనే పిలుస్తాం. 23 × 150² + 1 అన్న గీత చూడగానే ఆయన కళ్ళజోడు సరిచేసుకున్నారు.

"అమ్మా, మీరు సగం పని వృథాగా చేశారు. ఈ సంఖ్యను 5 గానీ 7 గానీ 11 గానీ భాగించే అవకాశమే లేదు, భాగించకముందే చెప్పవచ్చు" అన్నారు.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంత రాస్తాను. ఇరువైపులా 23తో గుణిస్తే, 3450 వర్గానికి 23 కలిపిన మొత్తం అవుతుంది: 11902500 + 23 = 11902523 = 23 × 517501. ఒక ప్రధాన సంఖ్య 517501ను భాగిస్తే ఈ మొత్తాన్నీ భాగిస్తుంది. అంటే ఆ ప్రధాన సంఖ్యతో భాగించి శేషాలు చూసే లోకంలో, మైనస్ 23 ఒక వర్గమై కూర్చోవాలి. ఏ ప్రధాన సంఖ్యల దగ్గర అది సాధ్యమో గౌస్ నిరూపించిన వర్గ వ్యుత్క్రమ నియమం చెబుతుంది. 1796లో, పంతొమ్మిదేళ్ళు నిండకముందే ఆయన దాన్ని నిరూపించాడు. మా సంఖ్యకు ఆ నియమం ఇచ్చే తీర్పు ఇది: భాజకాన్ని 23తో భాగిస్తే శేషం 1, 2, 3, 4, 6, 8, 9, 12, 13, 16, 18లలో ఒకటి కావాలి. ఇంకే శేషం వచ్చినా ఆ భాజకాన్ని పక్కన పెట్టేయవచ్చు.

నమ్మబుద్ధి కాక 7తో నేనే చేసి చూశాను. 23ను 7తో భాగిస్తే 2 మిగులుతుంది. వర్గాలను 7తో భాగిస్తే 0, 1, 2, 4 తప్ప వేరే శేషం రాదు. వాటిని రెట్టింపు చేసి ఒకటి కలిపితే 1, 3, 5, 9. తొమ్మిదిలో ఏడు పోతే రెండు. ఎక్కడా సున్నా లేదు. 150 చోట ఏ సంఖ్య పెట్టినా సరే, 7 దాన్ని భాగించలేదు! ఒక్క భాగహారం చేయకుండా, లెక్కలేనన్ని సంఖ్యల గురించి ఒకేసారి తీర్పు చెప్పగలిగాం. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒక్కొక్క కవరూ తిప్పి చూసి గడిలో వేసిన మనిషిని నేను. చూడకుండానే సగం సంచిని పక్కకు పెట్టగలిగే నియమం ఉందంటే నాకు అది ఎంత గొప్పగా కనిపిస్తుందో మాటల్లో చెప్పలేను.

128లో ఈ జల్లెడకు నిలిచేవి 61. మిగిలిన 57లో నిలిచేవి 25. సాయంత్రం ఆరింటికి మొదలుపెట్టి ఎనిమిదింటికల్లా పూర్తి చేశాం. చివరిది 719, శేషం 540. ఎక్కడా సున్నా రాలేదు.

517501 ప్రధాన సంఖ్య.

గడుల కింద రెండు గీతలు గీసి, ఇద్దరం పూర్తి సంతకాలు పెట్టాం.

జూన్ 18, బుధవారం

చిన్న నమోదు. మనవడు ఫోను ఒప్పందానికి ఈ ఒక్క రోజు సడలింపు అడిగాడు. 517501 అనేది 8తో భాగించినప్పుడు 5 మిగిలే ప్రధాన సంఖ్య కాబట్టి, 2ను 258750 సార్లు గుణించి 517501తో భాగిస్తే శేషం సరిగ్గా 517500 రావాలి అని మాస్టారు చెప్పారట. అంటే ఒకటి తక్కువ. మనవడు రాసిన నాలుగు వరుసల ప్రోగ్రాం అదే చెప్పింది. చేత్తో చేసేవారు అన్ని సార్లు గుణించనక్కరలేదు. వర్గం చేసి శేషం తీసి, మళ్ళీ వర్గం చేసుకుంటూ పోతే పదిహేడు వర్గాలతో అయిపోతుంది. నేను 2 ఘాతం 32 వరకు చేత్తో చేశాను: 4294967296, శేషం 226497. ప్రోగ్రాంతో సరిపోయింది. అక్కడితో ఆపాను.

జూన్ 22, ఆదివారం

మాస్టారు కొత్త పని పెట్టారు. 4తో భాగిస్తే 1 మిగిలే ప్రతి ప్రధాన సంఖ్యా రెండు వర్గాల మొత్తం అవుతుంది, అదీ ఒకే ఒక్క విధంగా. ఫెర్మా 1640లో ఈ సంగతి మెర్సెన్‌కు ఉత్తరంలో రాశాడు, వందేళ్ళ తరువాత ఆయిలర్ నిరూపించాడు. ఒక ఉత్తరంలో వెళ్ళిన సంగతి అనగానే నాకు మరింత ఆప్తంగా తోచింది. 517501ను 4తో భాగిస్తే 1 మిగులుతుంది. కాబట్టి ఆ రెండు వర్గాలు ఉన్నాయి, వెతకడమే తరువాయి.

గుడ్డిగా వెతకలేదు. వర్గాన్ని 5తో భాగిస్తే 0, 1, 4 తప్ప రావు. మొత్తం 1 రావాలంటే ఒకటి 0, రెండోది 1. కాబట్టి ఒక సంఖ్య 5 గుణిజం, దాని వర్గం 25 గుణిజం. అప్పుడు రెండో సంఖ్య వర్గాన్ని 25తో భాగిస్తే 1 మిగలాలి. అంటే ఆ సంఖ్య 25 గుణిజానికి ఒకటి అటో ఇటో ఉండాలి: 1, 24, 26, 49, 51... చివరికి 701. మొత్తం 57 అభ్యర్థులు. ఒక్కొక్కదాని వర్గం తీసివేసి, మిగిలింది వర్గమా కాదా చూడాలి.

చిన్నవాటి నుంచి పైకి మొదలుపెట్టాం. మధ్యాహ్నం భోజనానికి ముందు ఇరవై. కునుకు తీసి లేచాక మరో ఇరవై. ఆ పైన మరో పదిహేను. 55 అయ్యాయి, ఏదీ వర్గం కాలేదు. ఇంకా రెండే మిగిలాయి. 56వది 699. దాని వర్గం 488601. తీసివేస్తే 28900. మనవడు అరిచాడు: "నూట డెబ్బై అమ్మమ్మా, నూట డెబ్బై వర్గం!"

517501 = 699² + 170²

పై నుంచి మొదలుపెట్టి ఉంటే రెండో ప్రయత్నంలోనే దొరికేది. అయినా ఆ 55 వరుసలు పుస్తకంలో ఉన్నందుకు నాకు సంతోషమే. ఒకే ఒక్క విధంగా అన్న మాటకు బరువు ఆ ఖాళీ వరుసల్లోనే తెలిసింది.

జూన్ 29, ఆదివారం, చిత్తూరు

అక్కను చూడడానికి పొద్దున బస్సెక్కాను. చంద్రగిరి కోట దాటాక నుంచీ రోడ్డు మీద తోతాపురి మామిడికాయల ట్రాక్టర్లు, గుజ్జు పరిశ్రమల వైపు వరుసగా. అక్క ఇంట్లో అడుగు పెట్టగానే సంచిలోంచి పుస్తకం తీస్తే, "ముందు నీళ్ళు తాగు" అంది.

పిన్‌కోడ్ కథంతా విని అక్క ఒక్క మాట అడిగింది: "మీ ఊరిది చెప్పావు సరే, మా ఊరిది ఏమిటి?" 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వేరుపడే దాకా మాది ఒకే జిల్లా. ఆమె ఎప్పుడూ 'మన' అనేది, ఇప్పుడు 'మీ', 'మా' అంటోంది.

చిత్తూరు 517001. మా సంఖ్యకు సరిగ్గా 500 తక్కువ. అక్క ముగ్గు కర్ర తీసుకుని నేల మీదే భాగించడం మొదలుపెట్టింది. ఆమె నాకంటే వేగంగా చేస్తుంది, చిన్నప్పటి నుంచీ అంతే. పన్నెండో ప్రధాన సంఖ్య దగ్గరే తలుపు తెరుచుకుంది. 37 × 13973. ఆ 13973ను 89 భాగించింది, 157 మిగిలింది.

517001 = 37 × 89 × 157

మా సంఖ్య 128 తలుపులు తట్టినా తెరుచుకోలేదు. అక్క వాళ్ళ ఊరి సంఖ్య కాఫీ చల్లారేలోపు మూడు ముక్కలైంది. పక్కపక్కనే ఉన్న సంఖ్యలు, కూడికలో అయిదు వందల దూరం, గుణకారంలో ఒకదానికొకటి ఏ పోలికా లేదు.

అంతటితో అయిపోలేదు. బస్సులో తిరిగి వస్తూ గమనించాను. ఆ మూడూ 4తో భాగిస్తే 1 మిగిలేవే! 37 = 6² + 1², 89 = 8² + 5², 157 = 11² + 6². అంటే చిత్తూరు సంఖ్యకూ రెండు వర్గాలు ఉండాలి.

జూలై 2, బుధవారం

బ్రహ్మగుప్తుడి సూత్రం నేర్చుకున్నాను. క్రీ.శ. 628 నాటి మాట. రెండు సంఖ్యలు విడివిడిగా రెండేసి వర్గాల మొత్తాలైతే, వాటి లబ్ధం కూడా రెండు వర్గాల మొత్తమే అవుతుంది, పైగా రెండు విధాలుగా. అడ్డంగా గుణించి ఒకసారి కూడాలి, ఒకసారి తీసివేయాలి.

37లోని 6, 1 తీసుకుని 89లోని 8, 5తో గుణించాను. ఆరు ఎనిమిదులు నలభై ఎనిమిది, ఒకటి అయిదులు అయిదు. తీసివేస్తే 43, కూడితే 53. ఆరు అయిదులు ముప్ఫై, ఒకటి ఎనిమిదులు ఎనిమిది. కూడితే 38, తీసివేస్తే 22. కాబట్టి 3293 = 43² + 38², 3293 = 53² + 22². ఈ రెండింటినీ 157లోని 11, 6తో మళ్ళీ అలాగే కలిపితే ఒక్కొక్కటి రెండవుతుంది. నాలుగు జతలు:

676² + 245²
701² + 160²
715² + 76²
560² + 451²

నాలుగింటినీ కాలిక్యులేటర్‌లో కూడాను. నాలుగు సార్లూ తెర మీద 517001. విడిపోయే గుణం ఉన్నందువల్లే చిత్తూరు సంఖ్యకు నాలుగు రూపాలు వచ్చాయి. విడిపోనందువల్లే తిరుపతి సంఖ్యకు ఒకటే రూపం. ఈ సంగతి నన్ను రెండు రోజులు వదలలేదు.

జూలై 6, ఆదివారం

కంటితో చూడాలనిపించింది. పైథాగరస్ ప్రకారం రెండు వర్గాల మొత్తం అంటే లంబకోణ త్రిభుజంలో కర్ణం వర్గం. ఒక అంకెకు ఒక మిల్లీమీటరు అనుకుంటే, మూల నుంచి 170 పక్కకు, 699 పైకి పోతే చేరే చుక్క ఒక వృత్తం మీద ఉంటుంది. దాని వ్యాసార్థం 719.38 మిల్లీమీటర్లు. చిత్తూరు వృత్తం వ్యాసార్థం 719.03.

గాంధీ రోడ్డులో గ్రాఫు కాగితాలు కొన్నాం. గీతల భాగం 18 సెంటీమీటర్ల వెడల్పు, 24 ఎత్తు. నాలుగు పక్కపక్కన, మూడు కిందకీ మీదకీ పెడితే 72కు 72. పావు వృత్తం అందులో సరిగ్గా ఇముడుతుంది! పన్నెండు కాగితాలు మిద్దె మీద పరిచి, అతుకుల వెనుక జిగురు టేపు వేశాం. గాలికి ఎగరకుండా నాలుగు మూలలా రోలు, పొత్రం, రెండు చెంబులు. మూల దగ్గర సూది గుచ్చి, సాగని నైలాను దారం కట్టి, రెండో కొసకు పెన్సిల్.

మొదటి ప్రయత్నం పాడైంది. దారం ముడి బిగుసుకుని రెండు మిల్లీమీటర్లు తగ్గింది, చుక్కలన్నీ గీతకు బయట పడ్డాయి. దారం మానేసి సన్నని రేకు పట్టీకి రెండు బెజ్జాలు వేశాక కుదిరింది.

చిత్తూరు చుక్కలు ఎర్ర సిరాతో పెట్టాం. ఒక్కో జతకు రెండేసి చుక్కలు, అటూ ఇటూ తిప్పితే. మొత్తం ఎనిమిది. తిరుపతివి నీలం సిరాతో రెండే రెండు. రెండు వృత్తాల మధ్య ఎడం మిల్లీమీటరులో మూడో వంతు, పెన్సిల్ గీత మందంలోనే రెండూ కలిసిపోయాయి. దూరం నుంచి చూస్తే ఒకే వంపు. దాని మీద గ్రాఫు గళ్ళ మూలలను సరిగ్గా తాకే చోట్లు మాత్రం వేరువేరు. పూర్తి వృత్తం గీస్తే చిత్తూరుకు 32 చుక్కలు, తిరుపతికి 8.

తిరుమలకు కూడా గీద్దామని మనవడు అడిగాడు. గీయవచ్చు కానీ గళ్ళ మూల ఒక్కటీ తగలదు. 311ను 4తో భాగిస్తే 3 మిగులుతుంది, పైగా అది ఒకే ఒక్కసారి ఉంది. అటువంటి సంఖ్య రెండు వర్గాల మొత్తం కాలేదు.

జూలై 13, ఆదివారం

అక్క ఫోను చేసి, "మీదీ మాదీ గుణించి చూశావా?" అంది. చూడలేదు. చేశాను. కాలిక్యులేటర్ ఎనిమిదంకెలకే ఆగిపోతుంది కాబట్టి చేత్తోనే: 517501ను 517తో గుణించి, మూడు సున్నలు పెట్టి, 517501 కలిపాను.

267548534501

26754 కోట్ల 85 లక్షల 34 వేల 501. ఈ డైరీలో ఇప్పటిదాకా వచ్చిన వాటిలోకెల్లా పెద్ద సంఖ్య. దీనికి భాజకాలు 16. ఇది వర్గాల జతగా ఎనిమిది విధాలుగా వస్తుంది. బ్రహ్మగుప్తుడి సూత్రంతో మూడింటిని నేనే కట్టాను: 514174² + 56335², 430874² + 286175², 517199² + 7330². ప్రతి జతకూ వర్గాలు చేత్తో వేసి, కూడి, చివరి అంకె వరకు సరిచూశాను. ఒక్కోదానికి అరగంట పట్టింది. మిగిలిన అయిదు మనవడి వంతు.

తరువాత ఆ పన్నెండంకెలు మాత్రమే ఒక చీటీ మీద రాసి, ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పకుండా మాస్టారికి ఇచ్చాను. ఆయన భాగించడం మొదలుపెట్టలేదు. వర్గమూలం తీశారు: 517250.94. దాని పై పూర్ణాంకం 517251. దాన్ని వర్గం చేసి చీటీలోని సంఖ్య తీసివేశారు. 62500. "ఇది 250 వర్గం" అని నవ్వి, 517251కి 250 కలిపి ఒకటి, తీసివేసి ఒకటి రాశారు. తిరుపతి, చిత్తూరు! పది నిమిషాలు కూడా పట్టలేదు.

ఇది ఫెర్మా పద్ధతి. 1643లో ఆయన 2027651281ను ఇలాగే 46061 × 44021గా విడగొట్టాడు. ఆయనకు పన్నెండు అడుగులు పట్టింది, మన సంఖ్యకు ఒకటే అడుగు. రెండు కారణాంకాలు దగ్గర దగ్గరగా ఉంటే ఈ దారిలో ఇట్టే దొరికిపోతాయి. 1977లో రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్ పెద్ద ప్రధాన సంఖ్యల లబ్ధంతో రహస్య సందేశాలు పంపే పద్ధతి కనిపెట్టారు కదా, అందులో తాళం తయారుచేసేవారు దగ్గరి ప్రధాన సంఖ్యలు తీసుకోకుండా జాగ్రత్తపడేది ఇందుకే.

దూరంగా ఉంటే మాత్రం మనిషి ఆయుష్షును తినేస్తాయి. 2 ఘాతం 67లో ఒకటి తక్కువైన సంఖ్య ప్రధానం కాదని 1876లోనే ఎడ్వార్ లూకాస్ చూపించాడు, ముక్కలు మాత్రం ఎవరికీ తెలియవు. 1903 అక్టోబరులో అమెరికాలో ఒక గణిత సభలో ఫ్రాంక్ నెల్సన్ కోల్ నల్లబల్ల దగ్గరికి వెళ్ళి, మాట్లాడకుండా ఒకవైపు ఆ సంఖ్యను లెక్కకట్టి, మరోవైపు 193707721ను 761838257287తో గుణించి, రెండూ 147573952589676412927 అని చూపించి కూర్చున్నాడు. ఎంత కాలం పట్టిందని అడిగితే మూడేళ్ళ ఆదివారాలు అన్నాడని చెబుతారు. మాకు పట్టినవి ఆరు ఆదివారాలు. నేను ఆ మనిషి ఆదివారాలను ఊహించుకుంటూ చాలాసేపు కూర్చున్నాను. తప్పుపడి కొట్టేసిన వరుసలు, సాయంత్రాలు, మళ్ళీ మొదలుపెట్టడాలు.

జూలై 20, ఆదివారం

గ్రాఫు కాగితాల చుట్టను అట్ట గొట్టంలో పెట్టి గురువారం అక్కకు స్పీడ్‌పోస్టు చేశాను. గొట్టం మీద గ్రహీత చిరునామా కింద 517001, పంపినవారి చిరునామా కింద 517501 రాసేటప్పుడు చెయ్యి ఆగింది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ అంకెలను నెమ్మదిగా, ఒక్కొక్కటిగా రాశాను. కౌంటరులోని అమ్మాయి గొట్టం తూకం వేసి రసీదు ఇచ్చింది.

ఈ రోజు మధ్యాహ్నం అక్క ఫోను చేసింది. చుట్ట అందిందట, నేల మీద పరిచి మూలల్లో చెంబులు పెట్టిందట. భూతద్దంతో తన ఊరి ఎర్ర చుక్కలు ఎనిమిదీ లెక్కపెట్టింది. తరువాత కాసేపు మాట్లాడలేదు.

"నీలం చుక్క ఒకటి మా 160, 701 పక్కనే ఉందే" అంది. "స్కేలు పెట్టి చూశాను. ఒక్క సెంటీమీటరు."